టాప్ తీసి ఆఫీసుకి: పాత బాక్‌స్టర్‌తో రోజువారీ కాపురం

హోస్ట్: నమస్తే అండీ, మళ్లీ స్వాగతం. ఈసారి మనతో మాట్లాడుతున్న అక్క డాలస్ పక్కన ప్లేనోలో ఉంటారు. ఇంటి ముందు 2003 మోడల్ పోర్షె బాక్‌స్టర్ ఎస్ ఉంటుంది. శని, ఆదివారాల షోకు కారు కాదండోయ్. ఆఫీసుకి, ఇండియన్ స్టోర్‌కి, గుడికి, అన్నిటికీ అదే. అక్కా, అందరూ అడిగే ప్రశ్నే ముందు నేనూ అడిగేస్తా. హాయిగా ఓ కొత్త కారు కొనుక్కోవచ్చుగా?

గెస్ట్: (నవ్వు) మా అత్తగారు ఇంకాస్త మర్యాదగా అడిగారు. "పైకప్పు లేదని చవగ్గా ఇచ్చారా అమ్మా?" అని.

హోస్ట్: ఇంతకీ చవగ్గానే వచ్చిందా?

గెస్ట్: కొనేటప్పుడు చవకే. కొత్తలో 50 వేల డాలర్లు దాటిన కారు. ఇప్పుడు మామూలు సెకండ్ హ్యాండ్ సెడాన్ ధరకి దొరికేస్తుంది. చాలామంది అక్కడే బోల్తా పడతారు. కారు ధర తగ్గింది గానీ పార్టుల ధర తగ్గలేదు తమ్ముడూ. బ్రేకులైనా, క్లచ్ అయినా, రేడియేటర్ అయినా అవి ఇంకా 50 వేల డాలర్ల కారు సామానే. జేబులో ఉన్నదంతా పెట్టి కారు కొంటే మొదటి రిపేరుకే అమ్ముకోవాలి.

హోస్ట్: వినేవాళ్లలో కార్ల గురించి పెద్దగా తెలియనివాళ్లు కూడా ఉంటారు. ఈ బాక్‌స్టర్ కథేంటో రెండు ముక్కల్లో చెప్పండి.

గెస్ట్: మొదటి తరం బాక్‌స్టర్‌ని ఫ్యాక్టరీ నంబరుతో 986 అంటారు. 2004 దాకా వచ్చింది. రెండే సీట్లు, పైన మడిచి తీసేసే గుడ్డ టాప్. ఇంజిన్ సీట్ల వెనకాల, కారు నడుమున ఉంటుంది. ఎస్ మోడల్ 2000లో వచ్చింది, 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్. 2003లో చిన్న మార్పులు చేశారు. వాటిలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది టాప్‌కి వెనకున్న కిటికీ అద్దం. అంతకుముందు అది ప్లాస్టిక్. ఎండకి పసుపెక్కేది, చలిలో మడిస్తే పగిలేది. టాప్ సగం తెరిచాక బటన్ వదిలేసి, కిందికి దిగి, ఆ ప్లాస్టిక్‌ని అరచేతి అంచుతో సరిగ్గా మడత పెట్టేవాళ్లు. 2003 నుంచి గాజు. అందుకే పట్టుబట్టి 2003 కోసమే వెతికాను.

హోస్ట్: సరే, అసలు విషయానికొద్దాం. బాక్‌స్టర్ అని టైప్ చేస్తే చాలు, ఐఎమ్‌ఎస్ బేరింగ్ అని భయపెట్టేస్తారు.

గెస్ట్: భయంలో నిజం ఉంది, కాదనను. ఇంజిన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ ఉంటుంది, ఐఎమ్‌ఎస్ అంటే అదే. వాల్వులని తెరిచే క్యామ్‌షాఫ్టులని తిప్పే చెయిన్లు దాని మీదుగానే నడుస్తాయి. ఒక చివర దాన్ని మోసే బేరింగ్ పోయిందనుకో, టైమింగ్ తప్పి వాల్వులు వెళ్లి పిస్టన్లకి కొట్టుకుంటాయి. ఇంజిన్ గోవిందా. 2000 నుంచి 2005 మధ్య కార్లలో ఎక్కువగా ఉన్న సింగిల్ రో, అంటే ఒకే వరస గుండ్లున్న బేరింగ్ మీదే గొడవంతా. అమెరికాలో కోర్టు దాకా వెళ్లి 2013లో సెటిల్‌మెంట్ కూడా అయింది. అలాగని ప్రతి కారుకీ వచ్చే జబ్బు కాదు. బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి. క్లచ్ మార్చడానికీ అదే దింపాలి. అందుకే రెండూ ఒకేసారి చేయిస్తారు, లేబర్ కలిసొస్తుంది. నేను కొన్న కారుకి ఆ బిల్లు ఉంది. బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసేసి బేరమాడాలి, మొహమాటపడకూడదు.

హోస్ట్: మార్పించేశాక ఇక టెన్షన్ లేనట్టేనా?

గెస్ట్: ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ మడతలు విప్పి చూడాలి. మెరిసే రవ్వలేమైనా ఉన్నాయా, వాటికి అయస్కాంతం అంటుకుంటోందా అని. స్టీలు రవ్వలైతే ఫోన్ తీసి మెకానిక్‌కి కొట్టడమే. ఇంతా చేసి, రోజూ నడిపేదాన్నిగా చెప్తున్నాను, నాకు భయం బేరింగ్ అంటే కాదు. నీళ్లంటే.

హోస్ట్: నీళ్లా? డాలస్‌లోనా?

గెస్ట్: ఇక్కడ వాన రోజూ పడదు, పడితే కుండపోతే. ఈ కారులో మన తాళంచెవిని గుర్తుపట్టే ఎలక్ట్రానిక్ డబ్బా ఎక్కడ పెట్టారో తెలుసా? డ్రైవర్ సీటు కింద, కార్పెట్ మీద. కారులో అన్నిటికన్నా పల్లం అదే. నీళ్లు చేరి అది తడిసిందంటే తాళాలు పడవు, అలారం దానంతటదే మోగుతుంది, ఒక్కోసారి కారు స్టార్టే అవదు. సొంత కారే నువ్వెవరో తెలీదంటుంది.

హోస్ట్: టాప్ మూసే ఉంటే నీళ్లు లోపలికెలా వస్తాయి?

గెస్ట్: టాప్ మీద పడిన నీళ్లు వెనక్కి జారి, అది ముడుచుకునే గుంటలోకి వెళ్తాయి. అక్కడ రెండు పక్కలా డ్రెయిన్ రంధ్రాలుంటాయి. వాటి గొట్టాలు వెనక చక్రాల ముందు కిందికి తెరుచుకుంటాయి. ఇక్కడ వీధి నిండా లైవ్ ఓక్ చెట్లే. అవి ఆకు రాల్చేది వసంతంలో. మార్చి, ఏప్రిల్లలో ఆకులతోపాటు పొడుగ్గా దారాల్లాంటి పూతా రాలుతుంది, పసుప్పచ్చ పుప్పొడితో. అది తడిసి ముద్దయి సరిగ్గా ఆ రంధ్రాల్లో కూర్చుంటుంది. సరిగ్గా అదే పెద్ద వానల కాలం.

హోస్ట్: మరి మీరేం చేస్తారు?

గెస్ట్: టాప్ సగం తెరిచి ఆపుతాను. వెనక మూత లేచి గుంట కనిపిస్తుంది. ముందు వాక్యూమ్‌తో చెత్తంతా లాగేస్తా. తర్వాత గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వేసే ప్లాస్టిక్ తీగ ఉంటుంది చూడు, అది మూరెడు తీసుకుని రంధ్రంలోకి మెల్లగా తిప్పుతూ దింపుతా. వైరు, చువ్వ వాడకూడదు, గొట్టం చిరుగుతుంది. చాలామంది గాలి కొడతారు, అది ఇంకా ప్రమాదం. గొట్టం లోపల ఊడిందంటే ఇక నీళ్లు నేరుగా కారులోకే. ఆఖర్న ఓ కప్పు నీళ్లు పోసి, వంగి చక్రం ముందు చూస్తా. ధారగా పడితే సరే. చుక్కచుక్కగా పడితే మళ్లీ తీగే. మా పక్కింటి పెద్దాయన నన్ను చూసి కారు చిల్లు పడిందనుకుంటాడు.

హోస్ట్: (నవ్వు) కొనేటప్పుడు ఇది ఎలా తెలుస్తుంది?

గెస్ట్: డ్రైవర్ సీటు వెనకాల కార్పెట్ మీద చెయ్యి పెట్టి గట్టిగా అదుము. పైన ఆరినట్టే ఉంటుంది, కింద మందపాటి ఫోమ్ నెలల తరబడి ఆరదు. చెయ్యి చల్లగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయ్.

హోస్ట్: ఇంత పాత కారుని రోజూ తిప్పితే తొందరగా పాడవదా? దాచుకోవాలి కదా?

గెస్ట్: నా ఉద్దేశం పూర్తిగా వేరు. గరాజులో పడుకున్న కారుకే రబ్బరు ఎండుతుంది, బ్యాటరీ చస్తుంది, సీళ్లు కారతాయి. రోజూ తిరిగే కారు ఏదైనా తేడా వస్తే అప్పుడే చెప్పేస్తుంది. కాకపోతే దీనికి పడనిది వీధి చివరి దాకా వెళ్లి రావడం. ఇంజిన్‌లో ఎనిమిది లీటర్లకు పైగా ఆయిల్ ఉంటుంది. మీటర్‌లో నీళ్ల వేడి తొందరగానే పైకొస్తుంది గానీ ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. అప్పటిదాకా ఎక్కువ ఆర్‌పీఎమ్‌కి తీసుకెళ్లను. పాలకి, పెరుగుకి మా ఆయన మినీవ్యానే. ఇంట్లో ఇంకో కారు లేకపోతే ఈ సరదా పెట్టుకోకు, ఎందుకంటే పార్టు రావడానికి వారం పట్టిన రోజులుంటాయి.

హోస్ట్: ఎండలో టాప్ తీయగలరా అసలు?

గెస్ట్: జులై మధ్యాహ్నం ఎవరు తీస్తారు నాయనా! టాప్ మూసి, ఏసీ వేసి, అందరిలాగే. తెల్లవారుజామున, పొద్దు గూకాక తీస్తా. అక్టోబరు, నవంబరు అయితే రోజంతా. టాప్ ముందు కొక్కెం చేత్తో విప్పాలి, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉండాలి, అప్పుడే బటన్ పనిచేస్తుంది. పన్నెండు సెకన్లు. ప్రెస్టన్ రోడ్డు మీద సిగ్నళ్లకి అది ధారాళంగా సరిపోతుంది. వడగళ్లే ఇక్కడ అసలు శత్రువు. గుడ్డ టాప్ మీద పడి ఎగిరిపోతాయి, బానెట్ మాత్రం సొట్టలే.

హోస్ట్: ఇన్సూరెన్స్ ఇస్తుందిగా?

గెస్ట్: మంచి మాట అడిగావ్. పాత స్పోర్ట్స్ కార్లకి ధర ముందే ఒప్పుకుని రాసే పాలసీలుంటాయి, కానీ మామూలుగా వాటిలో రోజూ ఆఫీసుకి నడపనివ్వరు. రోజూ తిప్పాలంటే సాధారణ పాలసీయే. అందులో కారు విలువ వాళ్లు కట్టినంతే. నాలుగు సొట్టలు పడితే బాగుచేయడం దండగ, టోటల్ లాస్ అనేస్తారు. అందుకే మేఘం నల్లబడితే నేను మీటింగ్‌లోంచి లేచి కప్పున్న పార్కింగ్‌కి మారుస్తా. మేనేజర్‌కి అలవాటైపోయింది.

హోస్ట్: ఇన్‌స్పెక్షన్ సంగతి?

గెస్ట్: టెక్సస్‌లో సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 నుంచి తీసేశారు. కానీ మా కౌంటీలో పొగ పరీక్ష ఉంది, 2 నుంచి 24 ఏళ్ల మధ్య పెట్రోలు కార్లకి. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఫెయిల్. ఇంకో మెలిక ఉంది. పరీక్షకి ముందురోజు బ్యాటరీ తీసి పెట్టకు. కారు కంప్యూటర్ చేసుకునే పరీక్షలన్నీ మొదటికొస్తాయి, కొన్నాళ్లు నడిపేదాకా అది సిద్ధం కాదు. లైటు లేకపోయినా వెనక్కి పంపిస్తారు.

హోస్ట్: శ్రోతల ప్రశ్నలు గబగబా. సామాను పడుతుందా?

గెస్ట్: ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ, కలిపి 260 లీటర్లు. ముందుది లోతు. బియ్యం బస్తా నిలువుగా దిగుతుంది. పెద్ద గ్రైండర్ డబ్బా పట్టలేదు, సీటు బెల్టు పెట్టి పక్క సీట్లో కూర్చోబెట్టాను.

హోస్ట్: టైర్లు?

గెస్ట్: ముందు 205, వెనక 255. సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చి అరుగుదల సరిచేసే వీల్లేదు. వెనకవి తొందరగా పోతాయి. పాత కారు కొంటే టైరు పక్కన ఆఖరి నాలుగంకెలు చూడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాట్లు బాగున్నా టైరు ముసలిదైతే వానలో పట్టు ఉండదు.

హోస్ట్: విజయవాడ నుంచి ఒకరు అడిగారు. తిరిగొచ్చేటప్పుడు కారు ఇండియాకి తెచ్చుకోవచ్చా అని.

గెస్ట్: ఆశ పెట్టుకోవద్దని చెప్పు. దిగుమతయ్యే పాత కారుకి 3 ఏళ్లు మించకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. నాది రెండింట్లోనూ ఫెయిల్.

హోస్ట్: ఆఖరిది నాదే. 75 హైవే ట్రాఫిక్‌లో మాన్యువల్ గేర్లు విసుగ్గా లేవా? ఇదే కారులో ఆటోమేటిక్ టిప్‌ట్రానిక్ కూడా ఉందిగా?

గెస్ట్: సాయంత్రం ఆరింటికి ఎడమ కాలు అడుగుతుంది ఆ ప్రశ్న. కానీ ఆటోమేటిక్ అయితే మా ఆయన కూడా తాళం అడుగుతాడు. ఇండియాలో మారుతి మాన్యువలే నడిపాడు, ఇక్కడికొచ్చి మర్చిపోయాడు. నేనూ గుర్తు చేయడం లేదు.