సీతాఫలంలో మగ చెట్టు ఉండదండీ!

నమస్తే అండీ. "మా సీతాఫలం విరగబూస్తోంది, ఒక్క కాయ నిలవడం లేదు. అది మగ చెట్టు, కొట్టేయమంటున్నారు, ఏం చేయమంటారు?" ఇదే ప్రశ్న, మళ్ళీ మళ్ళీ. ముందు ఆ గొడ్డలి పక్కన పెట్టండి. మగ చెట్టు, ఆడ చెట్టు అన్నది బొప్పాయి సంగతి. సీతాఫలంలో ప్రతి పువ్వుకీ ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. చిక్కేమిటంటే ఆ రెండూ ఒక వేళకు పనిచేయవు.

[దగ్గరగా: అరచేతిలో ఒక పువ్వు]

ఇదిగో చూడండి. ఆకుపచ్చగా, కండపట్టిన మూడు రేకులు. ఒక రేకు తుంచేస్తున్నాను. లోపల చిన్న బుడిపె కనిపిస్తోందా? దాని పైన తడితడిగా మెరిసేవి కీలాగ్రాలు, ఆడ భాగం. దాని మొదట్లో చుట్టూ ఒత్తుగా ఉన్నవి కేసరాలు, పుప్పొడి వాటిలోనే. రెండూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి, అయినా కలవవు!

షిఫ్ట్ డ్యూటీ అనుకోండి. ఒకే ఆఫీసు, ఇద్దరు ఉద్యోగులు. ముందు షిఫ్టు ఆడ భాగానిది. రేకులు కొంచెమే విచ్చుకుంటాయి, కీలాగ్రాలు తడిగా ఉండి పుప్పొడి కోసం చూస్తుంటాయి. ఆ షిఫ్టు అయిపోయి, కీలాగ్రాలు ఎండిపోయాక మగ భాగం డ్యూటీ ఎక్కుతుంది. అప్పుడు రేకులు బాగా విప్పారి పుప్పొడి రాలుతుంది. ఈయన వచ్చేసరికి ఆవిడ తలుపేసుకుని వెళ్ళిపోయింది. అందుకే పువ్వు తనంతట తాను కాయ కావడం అరుదు.

మరి ఈ షిఫ్టు నుంచి ఆ షిఫ్టుకు కబురు మోసేదెవరు? తేనెటీగలు అనుకుంటారు. ఆడ షిఫ్టులో తలుపు ఓరగా తెరిచి ఉంటుందంతే, తేనెటీగ దూరదు. బియ్యపు గింజంత కూడా ఉండని చిన్న పెంకు పురుగులు ఆ సందులోంచి లోపలికి వెళ్తాయి. మాగిన పండు లాంటి వాసనకు వచ్చి, మగ షిఫ్టు నడుస్తున్న పువ్వులో పుప్పొడి పూసుకుని, ఆడ షిఫ్టులో ఉన్న ఇంకో పువ్వులోకి దూరతాయి. పూత మీద పురుగు కనపడగానే మందు కొట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కబురు మోసేవాణ్ణి చంపేసి, కబురు రాలేదని ఏడవడమే కదా!

దీనికి తోడు ఎండ, పొడి గాలి. కీలాగ్రం త్వరగా ఎండిపోతే ఆడ షిఫ్టు ఇంకా కుదించుకుపోతుంది. పూత వేళ గాలిలో తేమ ఉంటే కాయ బాగా నిలుస్తుంది.

పురుగులు లేకపోతే ఆ పని మనమే చేయాలి. తైవాన్‌లో తోటల వాళ్ళు ఇదే చేస్తారు. మెత్తటి చిన్న బ్రష్షు, ఒక మూత చాలు. బాగా విప్పారిన పూలలో కేసరాలు తెలుపు పోయి గోధుమ రంగుకు తిరిగి, తాకితే రాలాలి. వాటిని మూతలోకి దులపండి. ఏ వేళలో రాలుతాయో ఒకటి రెండు రోజులు గమనిస్తే మీ చెట్టు టైమింగ్ తెలిసిపోతుంది. ఇప్పుడు ఓరగా విచ్చుకున్న పువ్వు వెతకండి. రేకు మెల్లగా ఒత్తి, బ్రష్షుతో బుడిపె చుట్టూ తిప్పండి. పుప్పొడి అదే చెట్టుదైనా పరవాలేదు. నిల్వ పెట్టకుండా అప్పటికప్పుడు వాడేయాలి.

[పక్కపక్కన: గుండ్రటి కాయ, వంకర కాయ]

'చుట్టూ' అని ఎందుకన్నానంటే, కాయ మీద కనిపించే ఒక్కో కన్నూ ఒకప్పుడు ఆ బుడిపెలో ఒక్కో చిన్న అండాశయం. ఒక పక్కనే పుప్పొడి తగిలితే ఆ పక్కే ఉబ్బుతుంది, రెండో పక్క సొట్ట. వంకర కాయ కనపడగానే బలం చాలలేదని ఎరువు గుమ్మరిస్తారు. చాలాసార్లు అక్కడ జరిగింది కబురు సగమే అందడం!

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. పూత ఎక్కువగా కొత్త చిగురుతోనే వస్తుంది, కాబట్టి ఆకు రాల్చే కాలం చివర కొమ్మలు కత్తిరించండి. ఇంకో తమాషా: దీని చిగురు మొగ్గ ఆకు తొడిమ అడుగున దాక్కుని ఉంటుంది, ఆకు ఊడితే గానీ బయటికి రాదు. అందుకే కత్తిరించిన కొమ్మకు మిగిలిన పాత ఆకుల్ని కూడా దూసేస్తారు. చెట్టు మొదట్లో నీరు నిలవనివ్వకండి, వేరు కుళ్ళుతుంది. కాయ కళ్ళ సందుల్లో తెల్లగా పిండినల్లి, అంటే పిండి అంటినట్టుండే పురుగు, పడితే ముందు చీమల దారి మూయండి, వాటిని కాపాడేది చీమలే. నల్లగా ఎండి కొమ్మకే వేలాడే కాయల్ని తెంపి పారేయండి, తెగుళ్ళకు అవే నిలయం.

కోత సంగతి. కళ్ళ మధ్య గాడి వెడల్పై లేత పసుపు తేలితే కోయవచ్చు. అంతకుముందే కోస్తే పండకుండా నల్లబడుతుంది. చెట్టు మీదే వదిలేస్తే పగిలిపోతుంది. గింజలు మాత్రం నూరకండి. ఆ పొడి కంట్లో పడితే చాలా ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.