బరువు చెప్పండి, బండి చెబుతాను

(ప్రపంచ సైకిల్ దినోత్సవం సందర్భంగా విజయవాడ సత్యనారాయణపురంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులు గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఇంత ఉక్కపోతలో వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం దానికే సరిపోతుంది, మన్నించండి. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ని సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. అప్పట్నుంచి ఈ రోజున ఎవరో ఒకరు నన్ను పిలుస్తూనే ఉన్నారు. అంశం మాత్రం ఎప్పుడూ ఒకటే, సైకిల్, ఆరోగ్యం. ఇవాళ కరపత్రంలోనూ అదే అచ్చేశారు. గుండె గురించి, మోకాళ్ళ గురించి చెప్పాల్సిందంతా డాక్టరు గారు ఇందాకే చెప్పారు. నేను సైకిల్ షాపువాణ్ణి. బరువు గురించి మాట్లాడతాను.

మీ ఇంట్లోకి బరువు ఎలా వస్తోందో ఒకసారి చూసుకోండి. బియ్యం బస్తా 26 కేజీలు. ఇదివరకు 25 ఉండేది. 2022లో 25 కేజీల దాకా ప్యాకింగు మీద జీఎస్టీ వేశాక 26 చేశారు. గ్యాస్ బండలో గ్యాస్ 14.2 కేజీలు, బండ ఇనుము ఇంకో పదిహేను పైన, వెరసి 30. మంచినీళ్ళ టిన్ను 20. రైతుబజారు సంచులు రెండూ కలిపి పది, పన్నెండు. బడికెళ్ళే పిల్ల, పుస్తకాల సంచితో సహా పాతిక, ముప్పై. వీటిని ఎలా తెస్తున్నాం? స్కూటీలో కాళ్ళ దగ్గర బస్తా ఇరికించి, కాళ్ళు రెండూ బయటికి చాపి, హ్యాండిల్ సగమే తిరుగుతుంటే ఏలూరు రోడ్డు మీద బస్సుల మధ్య నడుపుకుంటూ వస్తున్నాం. లేదంటే కిలోమీటరు దూరానికి కారు తీసి, బీసెంట్ రోడ్డు మొదట్లో దాన్ని ఎక్కడ ఆపాలో తెలియక రెండు చుట్లు తిరుగుతున్నాం. అమ్మా, ముందు వరసలో కూర్చున్నవాళ్ళూ, మీలో ఎంతమంది టిన్ను మోసి నడుం పట్టేసి పడుకున్నారో నాకు తెలుసు.

ఈ పనికోసమే కట్టిన సైకిళ్ళు ఉన్నాయి. కార్గో సైకిల్ అంటున్నారు. షాపుకి వచ్చి అడిగే మొదటి మాట, ఎంతండీ అని. ధర తర్వాత చెబుతాను, ఏం మోస్తారో చెప్పండి అంటాను. అది తెలియకుండా ఏ బండీ చెప్పలేను. పిల్లనా, నీళ్ళా, భోజనం క్యారియర్లా, గుడ్డలా? పిల్ల కదులుతుంది. నీళ్ళు సగం ఉంటే ఊగుతాయి. గుడ్డలు తేలికే కానీ చోటు తింటాయి.

మామూలు గేరు సైకిల్ క్యారియర్ మీద చూడండి, చాలావాటికి 25 కేజీలని చెక్కి ఉంటుంది. అంటే బియ్యం బస్తాకే దాటిపోయింది. మన పాత నల్ల సైకిల్ అలా కాదు. దాని చక్రాలకు స్పోకులు లెక్కపెట్టండి. ముందు 32, వెనక 40. రెండు చక్రాలూ ఒకటే సైజు, మరి వెనక ఎనిమిది ఎక్కువెందుకు? బరువు వెనక పడుతుంది కాబట్టి. పాలక్యాన్లు నాలుగు వేలాడదీసుకుని ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఆ 40 స్పోకుల మీదే వచ్చారు. ఇవాళ రంగు చూసి, సన్న టైరు చూసి కొంటున్న సైకిల్ మీద బస్తా వేసి, స్పోకు తెగిందని నా దగ్గరికి తెస్తున్నారు.

కొత్త రకాల్లో మొదటిది వెనక పొడుగుది. వెనక చక్రాన్ని ఇంకా వెనక్కి జరిపి, దాని మీద పొడుగాటి, గట్టి క్యారియర్ కడతారు. తొక్కడం మామూలు సైకిల్‌లాగే ఉంటుంది, కొత్తగా నేర్చుకునేది తక్కువ. పిల్లల్ని బడికి దింపి, వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చుకునేవాళ్ళకి నేను ఇదే చెబుతాను. రెండోది ముందు పెట్టె ఉన్నది. డెన్మార్క్‌లో సుమారు వందేళ్ళ నుంచి ఉంది, లాంగ్ జాన్ అంటారు. పెట్టె కిందుగా, ముందు చక్రానికీ హ్యాండిల్‌కీ మధ్య ఉంటుంది, హ్యాండిల్ తిప్పితే ఒక కడ్డీ ముందు చక్రాన్ని మళ్ళిస్తుంది. బరువు కిందుగా ఉంటుంది, కళ్ళెదుటే ఉంటుంది, అదే దాని గొప్ప. కానీ దాదాపు రెండున్నర మీటర్ల పొడుగు. వన్‌టౌన్ సందుల్లో తిప్పడానికి చేయి అలవాటు పడాలి. మూడోది మూడు చక్రాలది. నిలబెట్టినా పడదు, అందుకే చూడగానే అందరూ దాన్నే ఇష్టపడతారు. నేను మాత్రం హెచ్చరిస్తాను. రెండు చక్రాల సైకిల్ మలుపులో వాలుతుంది, మూడు చక్రాలది వాలదు. వేగంగా తిప్పితే లోపలివైపు చక్రం లేస్తుంది. మెల్లగా తిప్పేవాళ్ళకే అది. బండి మీద కూరలమ్మేవాళ్ళకి, టిఫిను అమ్మేవాళ్ళకి దాన్ని మించింది లేదు.

ఒక మాట గుర్తుంచుకోండి. కేటలాగులో 200 కేజీలు అని రాస్తే అది సరుకు బరువు అనుకోకండి. చాలాసార్లు అది అన్నీ కలిపిన బరువు. సైకిల్ 35, మీరు 75 తీసేస్తే మిగిలేది 90. మూడు బస్తాలు, అంతే. అడిగి, రాయించుకుని కొనండి. విదేశాల నుంచి వచ్చే కార్గో సైకిల్ ధర లక్షల్లో ఉంటుంది. అది కొనమని నేను ఎవరికీ చెప్పను. మన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చేతులున్నాయి, ఒక క్యారియర్ కట్టలేరా? కడతారు. ఇరుసు దగ్గర బోల్టు పడాలి, వెల్డింగు ఎక్కడ పడకూడదో తెలిసినవాడు దగ్గరుండాలి, అంతే తేడా.

ఇక రెండో సంగతి, ఏ దారి అని. బెజవాడ చదునైన ఊరు అంటారు. కొండ మెట్ల మీద ఇళ్ళున్నవాళ్ళని అడగండి, వాళ్ళకి ఏ సైకిలూ పనికిరాదు, ఆ మాట దాచను. కింద ఉన్నవాళ్ళకి కూడా మూడు కాలువలున్నాయి, బందరు, ఏలూరు, రైవస్. ఎటు వెళ్ళినా ఒక వంతెన ఎక్కాలి. బరువుతో వంతెన ఎక్కడం గురించి చెప్పాలంటే నేను ఒక మనిషి గురించి చెప్పాలి.

వన్‌టౌన్‌లో మా నాన్నది అద్దె సైకిళ్ళ షాపు. షాపు ఎదురుగా ట్రాలీ రిక్షాల అడ్డా. అందులో ఒక పెద్దాయన ఉండేవాడు, నేను తాతా అనేవాణ్ణి. కాళేశ్వరరావు మార్కెట్టు నుంచి బెల్లం దిమ్మలు, ఉల్లిపాయ బస్తాలు, గుడ్డల బేళ్ళు గవర్నరుపేట దాకా వేసేవాడు. బక్కమనిషి. ఆ బక్కమనిషి అంత బరువు ఎలా లాగుతున్నాడని నేను గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి. బలం కాదండీ, సర్దడం. బెల్లం ఎప్పుడూ అడుగున, సరిగ్గా ఇరుసు మీద, ఇంకా చెప్పాలంటే ఇరుసుకి బెత్తెడు ముందుకు. ఉల్లిపాయలు పైన. బరువు ఇరుసు దాటి వెనక్కి పోతే ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ మాట వినదు. "ఒరేయ్ అబ్బాయ్, చక్రం నేలని పట్టుకోవాల్రా" అనేవాడు. తాడు వాడేవాడు కాదు. పాత ట్యూబులు మా షాపులోనే అడిగి తీసుకుని, పట్టీలుగా కోసి వాటితో కట్టేవాడు. దారిలో బస్తా కుంగితే తాడు వదులవుతుంది, ట్యూబు లాగి పట్టుకునే ఉంటుంది. కట్టాక రెండు చేతులతో బండిని ఇటూ అటూ ఊపి చెవి పెట్టి వినేవాడు. చప్పుడు వస్తే విప్పి మొదట్నుంచీ కట్టేవాడు. ఎంత తొందర బేరమైనా సరే.

వంతెన దగ్గర కిందనే దిగేవాడు. సగం ఎక్కి ఊపిరాడక దిగడం కాదు, కిందనే. ఒక చేయి హ్యాండిల్ మీద, ఒక చేయి సీటు కింద గొట్టం మీద వేసి లాగేవాడు. వంతెన అవతలికి దిగేటప్పుడు మొదటి నుంచీ బ్రేకు పట్టుకునే దిగేవాడు. వేగం వచ్చాక పడితే ఆగదని ఆయనకి తెలుసు. ఇవాళ కార్గో సైకిల్ వాడకం మీద విదేశీయులు రాసిన పుస్తకాలు, తీసిన వీడియోలు నేను చూస్తూనే ఉంటాను. బరువు కిందుగా పెట్టు, చక్రాల మధ్య పెట్టు, కదలకుండా కట్టు, దిగుడులో ముందే బ్రేకు పట్టు. ఇవన్నీ ఆ తాత చేసినవే.

ఆ మనిషికి ఏం జరిగిందో కూడా చెప్పనివ్వండి. అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు, ఇది చెప్పకుండా దిగను. ఒకరోజు ట్రాఫిక్‌కి అడ్డమని ఒక ఆఫీసువాళ్ళు లారీ తెచ్చి అడ్డాలో ఉన్న బళ్ళన్నీ ఎత్తి పడేసుకుని పోయారు. విడిపించుకుని తెచ్చేసరికి తాత బండి వెనక చక్రాలు రెండూ వంకర తిరిగిపోయాయి. మా నాన్న రాత్రంతా కూర్చుని బెండు తీసి ఇచ్చారు, డబ్బు పుచ్చుకోలేదు. బండి బాగైంది. కానీ అడ్డా లేదు. అక్కడ కార్లు పెట్టారు. అడ్డా లేకపోతే బేరం ఎవరు ఇస్తారు? వ్యాపారి వచ్చి వెతికేది అక్కడే కదా. కొన్నాళ్ళు సందుల్లో తిరిగాడు, ఆ తర్వాత ఊరికి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఓడించింది ఆటో కాదు, వయసు కాదు. బండి ఆపుకోవడానికి ఆరడుగుల చోటు దొరకలేదు. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

అందుకే మూడో ప్రశ్న అడుగుతాను, రాత్రి బండి ఎక్కడ ఉంటుంది? మొన్నామధ్య ఒకమ్మాయి, అపార్ట్‌మెంటులో ఉంటూ క్యారియర్ భోజనాలు పంపే ఆవిడ, నా దగ్గర మూడు చక్రాల బండి కట్టించుకుంది. పాతిక క్యారియర్లు నిటారుగా నిలబడేలా పెట్టెలో అరలు పెట్టించాం. సాంబారు ఒలకదు. పెట్రోలు ఖర్చు లేదు. ఆ అపార్ట్‌మెంటు కమిటీ సెల్లారులో పెట్టనివ్వలేదు. మన బిల్డింగు చూడ్డానికి బాగుండదన్నారు. రోడ్డు మీద పెడితే రెండో వారానికి సీటు పోయింది. ఆవిడ బండి అమ్మేసింది. అయ్యా, ఇక్కడ అపార్ట్‌మెంటు కమిటీల వాళ్ళు చాలామంది ఉన్నారు, మిమ్మల్నే అడుగుతున్నాను. ఒక కారు ఆపే చోట ఇవి నాలుగు పడతాయి. ఒక్క కారు చోటు ఇవ్వండి, గోడకి ఒక ఇనుప కడ్డీ బిగించండి, తాళం వేసుకుంటారు. ఇంతకంటే ఏమీ అడగడం లేదు.

మోటారు సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. 250 వాట్లకి మించని మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం, బ్యాటరీ కాకుండా 60 కేజీలకు మించని బరువు, పరీక్షా సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం. ఇవి ఉంటే లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేదు. వంతెనల దగ్గర ఆడవాళ్ళకి, అరవై దాటినవాళ్ళకి మోటారు పెట్టించుకోమనే చెబుతాను. 36 వోల్టులు, 14 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండడానికి సుమారు అర యూనిట్ కరెంటు. బరువుతో కూడా ముప్పై, నలభై కిలోమీటర్లు వస్తుంది. మన ఊరికి అది రెండు రోజుల పని. ఎండ ఒక్కటే దాని శత్రువు. మే నెల మధ్యాహ్నం తిరిగి వచ్చి వేడి బ్యాటరీకే ఛార్జరు గుచ్చకండి. నీడలో పెట్టి చల్లారనివ్వండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్ళలో నానిన బండ్లు నా షాపుకి చాలా వచ్చాయి. ఆరబెట్టాం కదా అని ఇంట్లోనే ఛార్జింగు పెట్టడం ప్రమాదం. మునిగిన బ్యాటరీని ఛార్జింగు పెట్టకూడదు, అంతే. ఇంట్లో ఉంచకండి, మెకానిక్‌కి చూపించండి. బ్రేకులు మాత్రం డిస్కువే తీసుకోండి. వానలో రిమ్ము తడిస్తే రబ్బరు బ్రేకు జారుతుంది, వెనక 80 కేజీలుంటే జారడానికి వీల్లేదు. స్టాండు రెండు కాళ్ళది ఉండాలి. ఒంటికాలి స్టాండు మీద పిల్లని ఎక్కిస్తూ పడేసినవాళ్ళు ఎందరో.

గేటు దగ్గర బల్ల మీద ఒక అర్జీ పెట్టాం. కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర, పటమట రైతుబజారు దగ్గర సరుకు సైకిళ్ళకి, ట్రాలీ రిక్షాలకి కలిపి ఒక స్టాండు ఇమ్మని. కలిపి అనే మాట నేను పట్టుబట్టి రాయించాను. కొత్తవాళ్ళకి చోటిచ్చి పాతవాళ్ళని తరిమే స్టాండు నాకొద్దు. చదివి, సరే అనిపిస్తేనే సంతకం పెట్టండి.

బయట వేపచెట్టు కింద రెండు బండ్లు నిలబెట్టాను, వెనక పొడుగుది ఒకటి, మూడు చక్రాలది ఒకటి. రెండింటిలోనూ బియ్యం బస్తా వేసి ఉంచాను. ఖాళీ బండి తొక్కి బాగుందని వెళ్ళిపోకండి, బస్తా దించకుండానే తొక్కండి. చీర కొంగు, పంచె అంచు చక్రానికి దూరంగా దోపుకోండి. మూడు చక్రాలది తొక్కేవాళ్ళు మలుపు దగ్గర మెల్లగా తిప్పాలి, మా కుర్రాడు పక్కనే ఉంటాడు. ముందు ఆడవాళ్ళు రండి.