ఆ చుక్క సంగతి కూడా రాయండి

అధ్యక్షులకు, గురువులకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం. సమయం తక్కువ కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఘనస్థితి సోడియం బ్యాటరీల, అంటే అయాన్లను మోసే ఎలక్ట్రోలైట్ ద్రవంగా కాక ఘనంగా ఉండే వాటి, కేథోడ్ల (ధన ధ్రువాల) గురించి చెప్పమన్నారు. పొరల ఆక్సైడ్లు, ఫాస్ఫేట్లు, ప్రష్యన్ బ్లూ జాతి అని మూడు తెగలు. ఫాస్ఫేట్లతో మొదలుపెడతాను.

సోడియం వెనేడియం ఫాస్ఫేట్, అదే మన ఎన్‌వీపీ. 3.4 వోల్టుల దగ్గర నిలకడగా పనిచేస్తుంది. లెక్క ప్రకారం గ్రాముకు 117 మిల్లీ ఆంపియర్ అవర్లు. 9.1 గ్రాముల ఎన్‌వీపీ పొడి తయారీకి వెనేడియం పెంటాక్సైడ్ 3.64 గ్రాములు, నీరు లేని సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 7.2 గ్రాములు, క్షయకరణకీ కార్బన్ పూతకీ సిట్రిక్ ఆమ్లం. సీసా మీద చీటీ చదవండి! డైహైడ్రేట్ అయితే 9.36 గ్రాములు తూచాలి. చూడకుండా 7.2 తూస్తే సోడియం, ఫాస్ఫేట్ రెండూ 23 శాతం తగ్గుతాయి. ఎక్స్‌రే పరీక్షలో వేరే ఫేజులు (అక్కర్లేని స్ఫటిక పదార్థాలు) తేలతాయి, నింద ఫర్నేసు మీద పడుతుంది. 350 డిగ్రీల దగ్గర ఆవిర్లు పోనిచ్చి, మళ్లీ నూరి, హైడ్రోజన్ 5 శాతం కలిపిన ఆర్గాన్‌లో 750–800 డిగ్రీల దగ్గర కాల్చాలి. ట్యూబు సీలు వదులైతే కార్బన్ కాలిపోతుంది, వెనేడియం 3+కి దిగదు.

ఇంతవరకూ అందరూ బాగానే చేస్తున్నారు. నా బాధంతా ఆ తర్వాతి పని గురించే. నాసికాన్ అనే సెరామిక్ ఎలక్ట్రోలైట్ పెల్లెట్ మీద కేథోడ్ పూసి, మధ్యలో ఒక చుక్క ద్రవ ఎలక్ట్రోలైట్ వేసి, శీర్షికలో 'ఘనస్థితి' అని రాస్తున్నారు. చార్జింగ్‌లో ఎన్‌వీపీ ఘనపరిమాణం సుమారు 8 శాతం కుంచించుకుపోతుంది. రేణువుకీ సెరామిక్‌కీ మధ్య సందు పడుతుంది. ద్రవం ఆ సందులోకి పాకుతుంది, సెరామిక్ పాకదు. అంటే మీరు కొలిచింది ఆ చుక్క పనితనం. చుక్క వేయడం తప్పని అనడం లేదు. ఎన్ని మైక్రోలీటర్లో రాయండి, అంతే!

లోడింగ్, అంటే ఎంత కేథోడ్ పూశామన్నది, కూడా అంతే. చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తే వచ్చేది 0.23 మిల్లీ ఆంపియర్ అవర్లు. పనికొచ్చే సెల్‌కి 3 కావాలంటే 26 మిల్లీగ్రాములు పూయాలి. అంత మందంలో సోడియం అయాన్ అడుగు నుంచి పైదాకా రావాలంటే కేథోడ్‌లోనే ఎలక్ట్రోలైట్ పొడి కలపక తప్పదు. నాసికాన్ పొడి కలిపి కాల్చుదామంటే దానికి 1200 డిగ్రీలు కావాలి, ఎన్‌వీపీ అంత వేడికి ఆగదు.

మెత్తగా ఉండి, చల్లగానే నొక్కితే అతుక్కునేది కావాలి. గంధకం ఉన్న ఘన ఎలక్ట్రోలైట్ సోడియం థయోఫాస్ఫేట్ 300 మెగాపాస్కల్ దాటిన ఒత్తిడికి చక్కగా కుదురుతుంది. కానీ 3.4 వోల్టుల దగ్గర ఆక్సీకరణం చెందుతుంది, పక్కన కార్బన్ ఉంటే ఇంకా త్వరగా. 2021లో ఇట్రియం, జిర్కోనియం కలిసిన సోడియం క్లోరైడ్ ఎలక్ట్రోలైట్‌ని సోడియం క్రోమియం ఆక్సైడ్‌తో, పూత ఏదీ లేకుండానే కలిపి, 40 డిగ్రీల దగ్గర వెయ్యి సైకిళ్లు నడిపారు. అందులోనూ ఆనోడ్ వైపు థయోఫాస్ఫేట్ పొర పెట్టారు. ఏ పొర ఎక్కడుందో వివరంగా రాశారు. నేనడిగేది అదే.

బయట పోస్టర్లున్నాయి కదా, ప్రతి ఒక్కరినీ అడగండి: లోడింగ్ ఎంత, ఒత్తిడి ఎంత, ఉష్ణోగ్రత ఎంత, చుక్క వేశారా?

గంట కొడుతున్నారు. పొరల ఆక్సైడ్లను గాలికి వదలకండి, పైన సోడియం కార్బొనేట్ పేరుకుని స్లర్రీ (పూతకి కలిపే ముద్ద) హల్వాలా బిగుసుకుంటుంది. ప్రష్యన్ బ్లూలో స్ఫటిక జలం ఉంటుంది, వాక్యూమ్‌లో వేడిచేసి తీసేయాలి. లేకుంటే థయోఫాస్ఫేట్‌తో కలపగానే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అది విషవాయువు. మిగతాది భోజనాల దగ్గర మాట్లాడుకుందాం, నమస్కారం.