జర్మనీలో రీసెర్చ్‌కి వెళ్తున్నారా? గొట్టింగెన్‌లో మొదటి వారాలు

నమస్కారం అండీ. జర్మనీలో పీహెచ్‌డీకో పోస్ట్‌డాక్‌కో ఆఫర్ వచ్చి, సూట్‌కేస్ సర్దుకుంటున్న వాళ్ల కోసం ఈ వీడియో. గొట్టింగెన్‌ని ఉదాహరణగా తీసుకుంటాను. గణిత శాస్త్రవేత్త గౌస్ పాఠాలు చెప్పిన ఊరు, భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ సమాధి ఉన్న ఊరు. ఇక్కడ చెప్పే రూల్స్ చాలావరకు జర్మనీ అంతటా ఒకటే.

దిగిన మర్నాడే ల్యాబ్‌కి పరిగెత్తాలనిపిస్తుంది. ప్రొఫెసర్ ఏమనుకుంటారో అని టెన్షన్. వెళ్లి ఒకసారి పలకరించి రండి, చాలు. ముందు తేల్చుకోవాల్సింది ఇంటి అడ్రస్ సంగతి.

అడ్రస్ రిజిస్ట్రేషన్‌ని ఇక్కడ ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు చేయించుకోవాలి. ఇదిగో, స్క్రీన్ మీద ఉన్న ఈ ఒక పేజీ ఫారం చూడండి. ఫలానా వ్యక్తి ఫలానా తేదీన మా ఇంట్లో దిగారు అని ఇంటి ఓనర్ సంతకం పెట్టి ఇచ్చేది. రెంటల్ అగ్రిమెంట్ చూపిస్తే చాలదు, ఇదే కావాలి. అందుకని గది మాట్లాడుకునేటప్పుడే ‘ఆన్‌మెల్డుంగ్ కుదురుతుందా’ అని అడిగేయండి. కుదరదన్నారంటే, అద్దె ఎంత తక్కువైనా ఆ గది వద్దు. ‘నేను ఊళ్లో లేను, అడ్వాన్స్ పంపితే తాళం పోస్ట్‌లో పంపిస్తా’ అనేవాళ్లకు డబ్బు అసలే పంపొద్దు, అది మోసం. అడ్వాన్స్‌కీ చట్టంలో హద్దుంది. కరెంటు, హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దెకు మూడు నెలల మొత్తం మించకూడదు, దాన్ని కూడా మూడు వాయిదాల్లో కట్టొచ్చు.

ఇప్పుడు ఈ పోస్ట్ డబ్బాల వరస దగ్గరగా చూడండి. ఫ్లాట్ నంబర్లు ఎక్కడైనా కనిపిస్తున్నాయా? లేవు. ఉన్నవన్నీ ఇంటిపేర్లే. పోస్ట్‌మ్యాన్ ఆ పేరు చూసే ఉత్తరం వేస్తాడు. మన దగ్గర పుట్టి పెరిగినంతకాలం అందరూ శ్రావణి అనే పిలిచి ఉంటారు, ఇంటిపేరు పాస్‌పోర్టులోనే ఉండిపోయి ఉంటుంది. ఇక్కడ ఉత్తరాలన్నీ ఆ ఇంటిపేరు మీదే వస్తాయి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అదే స్పెల్లింగ్‌తో చీటీ రాసి, తాళం చేతికొచ్చిన రోజే అతికించండి. డబ్బా మీదా, కాలింగ్ బెల్ పక్కనా, రెండుచోట్లా.

ఇంత పట్టుదల ఎందుకంటే, రిజిస్ట్రేషన్ అయ్యాక మీ ట్యాక్స్ నంబర్ పోస్ట్‌లోనే వస్తుంది. అది జీతాల సెక్షన్‌కి అందకపోతే, ఆరో ట్యాక్స్ క్లాస్ కింద బాగా ఎక్కువ పన్ను కోసే అవకాశం ఉంది. తర్వాత సరిచేస్తారు, కాకపోతే మొదటి నెలలో చేతిలో డబ్బు ఆడదు. రేడియో, టీవీ ఫీజు ఉత్తరం కూడా వస్తుంది. జర్మన్‌లో ఉంది కదా, ఏదో యాడ్ అనుకుని పారేయకండి. ఇంటికి నెలకు 18.36 యూరోలు. టీవీ లేకపోయినా కట్టాల్సిందే, నాకూ ఒళ్లు మండుతుంది. షేరింగ్ ఇంట్లో అయితే అందరికీ కలిపి ఒకటే, పంచుకోవచ్చు.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క ప్రశ్న: మీది ఉద్యోగ కాంట్రాక్టా, స్టైపెండా? కాంట్రాక్ట్ అయితే హెల్త్ ఇన్సూరెన్స్‌లో దాదాపు సగం సంస్థ కడుతుంది. స్టైపెండ్ అయితే మామూలుగా మీరే చూసుకోవాలి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే ఇది అడగండి.

ఆదివారం షాపులు మూసేస్తారు. శనివారం రాత్రి దిగేవాళ్లు బ్యాగులో పులిహోరో చపాతీలో పెట్టుకోండి. వాటర్ బాటిల్ కొంటే 25 సెంట్లు డిపాజిట్ పడుతుంది. ఖాళీ బాటిల్ నలపకండి, లేబుల్ చింపకండి. సూపర్‌మార్కెట్‌లో ఈ మెషీన్‌లో పెడితే లేబుల్ చదివి చీటీ ఇస్తుంది, అది క్యాష్ కౌంటర్‌లో ఇస్తే డబ్బులు తిరిగొస్తాయి. పారేసే గాజు సీసాలు మాత్రం వీధిలో ఉండే గాజు కంటైనర్‌లో ఆదివారం వేయకండి, చప్పుడని పక్కింటివాళ్లు తిడతారు.

పాత టౌన్ హాల్ ముందు బాతులు పట్టుకున్న అమ్మాయి విగ్రహం కనిపిస్తుంది. పీహెచ్‌డీ అయినవాళ్లు పైకెక్కి దానికి ముద్దు పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. మీకు ఇంకా చాలా టైముంది, ఫోటోతో సరిపెట్టుకోండి.

రెసిడెన్స్ పర్మిట్‌కి అపాయింట్‌మెంట్ ఆలస్యమవుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే ఫారినర్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి. మీ వీసా ఏ రోజుతో ముగుస్తుందో మొదటి లైన్లోనే రాయండి. పర్మిట్ అప్లికేషన్ ఫారం ఎలా నింపాలో వచ్చే వీడియోలో చూపిస్తాను, ఈలోగా బయోమెట్రిక్ ఫోటోలు తీయించి పెట్టుకోండి.