సొంత బండి చాసిస్‌కి పైపు మందం ఎంతుండాలి?

శ్రోతలకు నమస్కారం. గో-కార్టో, బగ్గీయో, చిన్న కారో సొంతంగా కడదామనుకునేవాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో పైపుల షాపుకెళ్లి ముందుగా అనే మాట, "బాగా మందంగా ఉన్నది ఇవ్వండి" అని. చాసిస్, అంటే బండిని మోసే ఫ్రేమ్, దాని బలమంతా పైపు మందంలోనే ఉందనుకుంటారు. లెక్క మాత్రం వేరుగా చెబుతుంది.

అంగుళం గుండ్రటి పైపు, గోడ మందం 3 మిల్లీమీటర్లు అనుకోండి. మీటరుకి సుమారు 1.66 కిలోలు తూగుతుంది. ఒకటిన్నర అంగుళాల పైపు, మందం 1.6, అంటే షాపువాళ్ల లెక్కలో 16 గేజ్, మీటరుకి 1.44 కిలోలే. తేలికే అయినా, వంగకుండా నిలబడటంలో ఇది మొదటిదానికి రెండింతలు పైమాటే. పైపు నడిమధ్యకు ఎంత దూరంగా ఇనుముంటే వంపును అంత గట్టిగా ఆపుతుంది మరి.

అలాగని మరీ పలచనకి పోకండి. 18 గేజ్, అంటే 1.2 మిల్లీమీటర్ల పైపుకి చిన్న రాయి తగిలినా సొట్ట పడుతుంది. బరువు పడ్డప్పుడు మడత పడేది ఆ సొట్ట దగ్గరే. ఆర్క్ వెల్డింగ్ చేయబోతే చిల్లులు పడతాయి. సీఓటూ వెల్డింగ్, అంటే గ్యాస్ రక్షణలో తీగ అందిస్తూ చేసే వెల్డింగ్, 0.8 మిల్లీమీటర్ల తీగ ఉంటే తప్ప దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. పైగా మన ఉక్క వాతావరణంలో లోపలి నుంచి తుప్పు పడితే, తినడానికి అక్కడున్న ఇనుమే తక్కువ.

లోటస్ సెవెన్ అనే తేలికైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తరహా కార్లను ఇంట్లో కట్టుకునేవాళ్లు చాసిస్‌లో ఎక్కువ భాగానికి అంగుళం స్క్వేర్ పైపు, 16 గేజ్‌నే వాడతారు. అది నిలబడేది పైపులను త్రికోణాలుగా కలపడం వల్ల. ఐమూల పట్టీ లేని చతురస్రానికి 3 మిల్లీమీటర్ల పైపు వేసినా మెలి తిరుగుతుంది.

బండి బోల్తా పడితే డ్రైవరు తల కాచే పైపుల పంజరం, అదే రోల్ కేజ్, దాని దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా బగ్గీలు కట్టి నడిపే బాజా పోటీల నిబంధన 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, కనీసం 0.18 శాతం కార్బన్ ఉన్న ఉక్కు. అంతే వంపు బలం, దృఢత్వం ఉన్న వేరే పైపైనా సరే, గోడ 1.57 మిల్లీమీటర్లకి తగ్గకూడదు.

సస్పెన్షన్ బ్రాకెట్లను, అంటే చక్రాల కుదుపు ఆపే భాగాలను చాసిస్‌కి తగిలించే పట్టీలను, పైపు నడుమన కాకుండా, పైపులు కలిసే ముడి దగ్గర పెట్టండి. పైపు గుండా బోల్టు వేయాలంటే బోల్టు పట్టే చిన్న గొట్టం, అంటే స్లీవ్, అడ్డంగా దూర్చి రెండువైపులా వెల్డ్ చేయాలి. లేదంటే నట్టు బిగించేకొద్దీ గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది.

ఇక కొనేటప్పుడు. నీళ్ల పైపు తీసుకోకండి. అక్కడ అంగుళమంటే లోపలి బోరు, బయట కొలిస్తే 33 మిల్లీమీటర్లు దాటుతుంది. జీఐ, అంటే జింకు పూత ఉన్నది అయితే వెల్డింగ్ పొగతో జ్వరం కూడా వస్తుంది. కోసిన అంచున మిగిలిన గరుకు ముక్కలు, అంటే బర్రు, గీకేసి, పైపు పొడవునా ఉండే అతుకు గీతకు దూరంగా వెర్నియర్ కొలత పరికరం పెట్టి మందం చూడండి. కాటా ఉంటే ఇంకా మంచిది: అంగుళం గుండ్రటి 16 గేజ్ పైపు 6 మీటర్ల పొడవు 5.6 కిలోలు తూగాలి. 5 కిలోల దగ్గరే ఆగిపోయిందా, మీ చేతికొచ్చింది 1.4 మిల్లీమీటర్ల మందమే. వెనక్కిచ్చేయండి.