టపా గొలుసులో ఉంటే సరిపోతుందా?

సభకు నమస్కారం.

2025 సెప్టెంబరు 30న టైప్‌ప్యాడ్ మూతపడింది. 2003లో మొదలైన బ్లాగు సేవ అది. మూసేస్తున్నామని చెప్పాక వాడుకరులకు మిగిలింది నెల రోజులే. ఆలోపు దించుకున్నవాళ్ళ టపాలు దక్కాయి, మిగతావి పోయాయి. అంతకు ముందు 2013లో పోస్టరస్‌కీ, 2010లో వాక్స్‌కీ ఇదే గతి పట్టింది. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ "బ్లాక్‌చెయిన్ మీద రాసుంటే ఈ బాధ ఉండేది కాదు" అనే మాట వినిపిస్తుంది. బ్లాక్‌చెయిన్ అంటే ఒకే ఖాతాపుస్తకం నకళ్ళు చాలా కంప్యూటర్లలో ఉండి, బ్లాకులు ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా చేరుతూ పోయే పద్ధతి. దాన్నే గొలుసు అంటాను. ఆ మాటలో నిజం ఎంతవరకు అన్నదే ఈవేళ్టి విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అక్షరాలను కాపాడటంలో బ్లాక్‌చెయిన్ గట్టిదే. బొమ్మలను కాపాడటంలో కాదు. పాఠకులను తేవడంలో బలహీనం. డబ్బు సంగతి చాలా మెలికలున్నది.

ముందు మామూలు బ్లాగు. వర్డ్‌ప్రెస్‌లో "ప్రచురించు" నొక్కగానే డేటాబేసు పట్టికలో ఒక వరస చేరుతుంది. ఆ డేటాబేసు మీద అధికారం ఎవరికుంటే టపా మీద అధికారం వాళ్ళది. సొంత హోస్టింగులో పెట్టుకుంటే మీది, బ్లాగర్ లాంటి ఉచిత సేవలో రాస్తే ఆ సంస్థది. తొలగించడం ఒక్క నొక్కు పని, మీకైనా వాళ్ళకైనా. ఎగుమతి సౌకర్యం ఉంది కదా అంటారు. ఉంది. కానీ వర్డ్‌ప్రెస్ ఎగుమతి చేసే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు తెరిచి చూడండి: టపాల పాఠం ఉంటుంది, వ్యాఖ్యలు ఉంటాయి, బొమ్మలుండవు. బొమ్మలు ఎక్కడున్నాయో చెప్పే లింకులు మాత్రమే ఉంటాయి. పాత సైటు బతికుండగానే ఆ ఫైలును కొత్త సైటులోకి ఎక్కించి, జోడింపులను కూడా దిగుమతి చెయ్యమని టిక్కు పెడితేనే బొమ్మలు వస్తాయి. సైటు మూతపడ్డాక ఫైలు ఎంత భద్రంగా దాచినా బొమ్మల చోట ఖాళీ గళ్ళే.

ఇప్పుడు బ్లాక్‌చెయిన్ వైపు. ఈ రకం బ్లాగింగుకు ఎక్కువమంది చూసిన నమూనా 2016లో వచ్చిన స్టీమ్, దాని నుంచి 2020లో చీలిన హైవ్. హైవ్‌లో టపా అంటే సంతకం చేసిన ఒక లావాదేవీ. అందులో రచయిత ఖాతా పేరు, పెర్మ్‌లింక్ (టపా శాశ్వత చిరునామా), శీర్షిక, పాఠం, ట్యాగుల వంటి వివరాలుండే జేసన్ (డేటా రాసే ఒక పద్ధతి) ముక్క ఉంటాయి. మీ దగ్గరున్న పోస్టింగ్ కీతో, అంటే సంకేతపదం లాంటి ఒక రహస్య అక్షరాల వరసతో, దానిమీద సంతకం పడుతుంది. విట్నెస్‌లు అనే సర్వర్ల నిర్వాహకులు 3 సెకన్లకొకటి చొప్పున తయారుచేసే బ్లాకుల్లో ఏదో ఒకదానిలో అది చేరుతుంది. ఆ గొలుసు నకలు ఎవరి దగ్గరున్నా మీ టపా పూర్తి పాఠం వాళ్ళ దగ్గర ఉన్నట్టే. పీక్‌డీ, ఈసెన్సీ వంటి సైట్లు ఆ గొలుసును చదివి చూపించే కిటికీలు మాత్రమే. ఒకటి మూతపడితే ఇంకోదాంట్లో అదే ఖాతా, అవే టపాలు, అవే వ్యాఖ్యలు కనిపిస్తాయి. టైప్‌ప్యాడ్ వాడుకరులకు లేకుండా పోయింది సరిగ్గా ఇదే.

తెలుగులో రాసేవాళ్ళు ఇక్కడొకటి గమనించాలి. ఒక లావాదేవీకి పరిమితి సుమారు 64 కిలోబైట్లు. ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు ప్రతి సంకేతానికీ మూడు బైట్లు పడతాయి, అందులోనూ గుణింతపు గుర్తు, పొల్లు విడివిడిగా లెక్కకొస్తాయి. "బ్లాగు" చూడండి: బ, పొల్లు, ల, దీర్ఘం, గ, కొమ్ము. ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఆ లెక్కన మన టపా దాదాపు 2,500 మాటల దగ్గర పరిమితిని తాకుతుంది. ఇంకో ఇబ్బంది, హైవ్‌లో ప్రచురణకు రుసుము లేకపోయినా రిసోర్స్ క్రెడిట్లు (గొలుసును ఎంత వాడుకోవచ్చో చెప్పే కోటా) ఖర్చవుతాయి. ఖాతాలో ఎన్ని టోకెన్లు (గొలుసు సొంత డిజిటల్ నాణేలు) పవర్‌గా, అంటే వెంటనే తీసుకోలేని డిపాజిట్‌గా, కట్టిపడేసి ఉంటే అన్ని క్రెడిట్లు. పూర్తిగా అయిపోతే మళ్ళీ నిండటానికి 5 రోజులు. కొత్త ఖాతాతో పొడవాటి తెలుగు వ్యాసం ఒకటి పెట్టి, రెండుసార్లు దిద్ది, నలుగురికి జవాబివ్వబోతే "క్రెడిట్లు చాలవు" అనే సందేశం రావడానికి కారణం ఇదే. తప్పులన్నీ బయటే దిద్దుకుని ఒకేసారి ప్రచురించడం మేలు. తోటివాళ్ళెవరైనా కొంత పవర్ అప్పుగా అప్పగిస్తే ఇంకా మేలు.

దిద్దడం గురించి ఇంకొక్క మాట. దిద్దుబాటు పాతదాన్ని చెరపదు, గొలుసులో కొత్త లావాదేవీగా చేరుతుంది. మొదట ఏం రాశారో, ఎప్పుడు మార్చారో బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (గొలుసులోని లావాదేవీలను చూపే సైటులో) ఎవరైనా చూడొచ్చు. టపాను తొలగించే ఆజ్ఞ ఉంది, అయితే ఎవరూ వ్యాఖ్య రాయకుండా, మెప్పు ఓటు వెయ్యకుండా ఉంటేనే అది పనిచేస్తుంది. పనిచేసినా సైట్లలో కనబడకుండా పోతుందంతే, బ్లాకులో అలాగే ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ 17వ అధికరణం తన సమాచారాన్ని చెరిపేయమని అడిగే హక్కు మనిషికి ఇస్తుంది. చెరపలేని గొలుసుకూ ఆ హక్కుకూ పొసగదు. ఇతరుల ఫోన్ నంబరు, పిల్లల ఫొటో, కోపంలో రాసిన ఆరోపణ లాంటివి గొలుసులో పెట్టే ముందు పదిసార్లు ఆలోచించండి.

ఫొటో అన్నాను గానీ, నిజానికి ఫొటో గొలుసులోకి వెళ్ళనే వెళ్ళదు. హైవ్ టపాలో ఉండేది బొమ్మ లింకు, బొమ్మేమో ఎవరో నడిపే మామూలు సర్వర్లో. ఆ సర్వర్ ఆగితే టపా అక్షరాలు నిలుస్తాయి, బొమ్మలు మాయం. వర్డ్‌ప్రెస్ ఎగుమతి ఫైల్లో చూసిన లోపమే ఇది. "శాశ్వతం" అని ప్రచారం చేసేవాళ్ళు ఈ ముక్క ఎందుకో చెప్పరు.

పాఠాన్ని నేరుగా ఈథీరియం లాంటి గొలుసులోనే దాచుకోవచ్చు కదా? ఖర్చు లెక్కేద్దాం. అక్కడి కాంట్రాక్టు (గొలుసు మీద నడిచే ప్రోగ్రాము) నిల్వలో 32 బైట్ల గది ఒకటి కొత్తగా నింపడానికి కనీసం 20,000 గ్యాస్ (పనిని కొలిచే యూనిట్లు). వెయ్యి మాటల తెలుగు వ్యాసం సుమారు 24,000 బైట్లు, అంటే 750 గదులు, అంటే కోటిన్నర గ్యాస్. గ్యాస్ ధర 20 గ్వెయి (గ్వెయి అంటే ఈథీరియం నాణెమైన ఈథర్‌లో వందకోట్లవ వంతు) ఉన్నరోజున అది 0.3 ఈథర్. 2021 నుంచి కొన్నేళ్ళపాటు ఒక బ్లాకు మొత్తానికి పరిమితి 3 కోట్లు, కాబట్టి అప్పట్లో మీ ఒక్క వ్యాసమే సగం బ్లాకు మింగేసేది. లావాదేవీకి జోడించే డేటాగా పంపితే దీనికంటే ఎన్నోరెట్లు చవక. 2018 ఏప్రిల్‌లో పెకింగ్ విశ్వవిద్యాలయ విద్యార్థిని రాసిన బహిరంగ లేఖను చైనా సైట్లు తొలగిస్తూ పోతే, ఎవరో దాన్ని అలాగే ఒక ఈథీరియం లావాదేవీలో పెట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. అలాంటి అత్యవసరానికి ఇది అమోఘం. రోజువారీ బ్లాగుకు మాత్రం దండగ.

అందుకే చాలా వేదికలు పాఠాన్ని వేరే చోట పెడతాయి. ఐపీఎఫ్‌ఎస్ అనే ఫైళ్ళు పంచుకునే నెట్‌వర్కులో ఫైలు చిరునామా దాని హ్యాష్ (ఫైలులో ఉన్నదాన్నుంచి లెక్కగట్టే గుర్తు) నుంచే పుడుతుంది. ఒక్క అక్షరం మారినా చిరునామా మారుతుంది కాబట్టి మోసానికి తావుండదు. కానీ ఆ ఫైలును ఎవరో ఒకరు పిన్ చేసి (తమ కంప్యూటర్లో దాచి) ఉంచకపోతే కొన్నాళ్ళకు అది ఎవరి దగ్గరా ఉండదు, చిరునామా ఒక్కటే మిగులుతుంది. ఆర్వీవ్ అనే నిల్వ గొలుసు పద్ధతి వేరు. ఒకేసారి డబ్బు కడితే అందులో పెద్దభాగం మూలనిధిలోకి పోయి, మున్ముందు నిల్వ చేసేవాళ్ళకు అందులోంచి చెల్లింపులు జరుగుతాయి. నిల్వ ఖర్చు ఏటేటా తగ్గుతూ పోతుందన్న అంచనా మీద ఆ లెక్క నిలబడింది. మిర్రర్ అనే వేదిక టపాలను ఆర్వీవ్‌లోనే దాచేది. 2024లో దాన్ని పారాగ్రాఫ్ అనే మరో వేదిక కొనుక్కుంది. అంటే కిటికీ చేతులు మారింది, అక్షరాలు కదలలేదు.

ఇక తాళాల సంగతి. మామూలు బ్లాగులో సంకేతపదం మర్చిపోతే ఈమెయిలు కొడితే సరి. హైవ్‌లో ఖాతాకు నాలుగు కీలుంటాయి: పోస్టింగ్, యాక్టివ్, ఓనర్, మెమో. రాయడానికీ ఓటుకీ పోస్టింగ్ కీ చాలు. అది దొంగచేతిలో పడితే మీ పేరుతో చెత్త రాస్తాడు తప్ప డబ్బు కదపలేడు. యాక్టివ్ కీ పడితే చేతిలో ఉన్న టోకెన్లు క్షణాల్లో పోతాయి. పవర్‌గా కట్టినవి మాత్రం 13 వారాల వాయిదాల్లోనే విడుదలవుతాయి కాబట్టి అడ్డుకునే వ్యవధి ఉంటుంది. మిగతా కీలన్నిటినీ మార్చగల ఓనర్ కీని కంప్యూటర్లో ఉంచకండి, కాగితం మీద రాసి దాచండి. తరచూ జరిగే పొరపాటు ఇంకొకటుంది. డబ్బు పంపేటప్పుడు మెమో గడిలో ఏదో రాయాలి కదా అని అక్కడ రహస్య కీని అతికిస్తారు. మెమో అందరికీ కనబడుతుంది. 5తో మొదలయ్యే ఆ పొడవాటి వరస కోసం ప్రోగ్రాములు కాపుకాసుక్కూచుంటాయి.

దొంగ ఓనర్ కీ మార్చేసినా 30 రోజుల్లోపు పాత కీ చూపించి, రికవరీ ఖాతా సాయంతో వెనక్కి తెచ్చుకోవచ్చు. మామూలుగా మీ ఖాతాను సృష్టించిన సైటు ఖాతానే రికవరీ ఖాతాగా ఉంటుంది. ఆ సైటువాళ్ళు దుకాణం కట్టేసుంటే? అందుకే ఖాతా తెరవగానే నమ్మకమైనవాళ్ళ ఖాతాకు మార్చుకోండి. ఆ మార్పు అమల్లోకి రావడానికే 30 రోజులు పడుతుంది. కీ పోగొట్టుకుంటే మటుకు ఏ రికవరీ లేదు. పాత కీ చూపించాలి కదా, అది మీ దగ్గరుంటేగా!

డబ్బు విషయానికొస్తే, ప్రకటనల మీద నడిచే బ్లాగులో పాఠకుడు వచ్చిన ప్రతిసారీ ఎంతోకొంత రాలుతుంది. అయిదేళ్ళ కిందటి వంట టపాకైనా సెర్చి నుంచి మనిషి వస్తే లెక్కే. హైవ్‌లో సంపాదన పాఠకులను బట్టి కాదు, ఓటర్ల చేతిలోని టోకెన్లను బట్టి. అదీ 7 రోజులే. ఎనిమిదో రోజున లక్షమంది చదివినా ఆ టపాకు పైసా రాదు. ఏడు రోజుల్లో 10 డాలర్ల విలువ కనిపించిందనుకోండి, సగం ఓటేసినవాళ్ళకు. మీ వాటా 5. అందులో మామూలుగా సగం హెచ్‌బీడీ అనే డాలరు టోకెన్‌గా, సగం పవర్‌గా వస్తుంది. అంటే వెంటనే చేతికందేది రెండున్నరే. 0.02 డాలర్లకు తక్కువైతే సున్నా. ఈ డబ్బు కొత్తగా పుట్టించే టోకెన్ల నుంచి వస్తుంది, పాఠకుడి జేబు నుంచి కాదు. అందుకే ఓటు లాభసాటి పెట్టుబడి అయింది, ఒకరికొకరు ఓట్లేసుకునే ముఠాలు పుట్టాయి. 2019 ఆగస్టులో స్టీమ్‌లో ఓటర్ల వాటాను సగానికి పెంచి, ఖర్చులేని వ్యతిరేక ఓట్లు కొన్ని ఇచ్చింది దీన్ని అదుపు చెయ్యడానికే. కొంత పనిచేసింది. తమకు నచ్చని అభిప్రాయం మీద పెద్ద ఖాతాలు ఆ వ్యతిరేక ఓటు వాడితే, ఆ రచయిత రాబడి సున్నాకు పడిపోతుంది. టపా ఉంటుంది, ప్రతిఫలం ఉండదు.

"యజమాని లేడు" అన్న మాటను 2020 గట్టిగా పరీక్షించింది. ఫిబ్రవరిలో స్టీమ్ వెనకున్న స్టీమిట్ సంస్థను, ట్రాన్ అనే మరో బ్లాక్‌చెయిన్ అధినేత జస్టిన్ సన్ కొన్నారు. ఆ సంస్థ చేతిలో ఉన్న భారీ టోకెన్ల నిల్వను విట్నెస్‌లను ఎన్నుకునే ఓటుకు వాడకుండా అప్పటి విట్నెస్‌లు స్తంభింపజేశారు. మార్చి 2న బైనాన్స్, హువోబి, పోలోనియెక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీలు (టోకెన్లు కొని అమ్మే సంస్థలు) ఖాతాదారుల టోకెన్లను పవర్‌గా కట్టి ఓటేశాయి, ఓట్లలో ముందున్న 20 మంది విట్నెస్‌లూ ఒక్కసారిగా మారిపోయారు. ఇంత సులువుగా ఎలా? ఒక ఖాతా 30 మంది విట్నెస్‌లకు ఓటెయ్యొచ్చు, ప్రతి ఓటుకూ పూర్తి బరువే. కాబట్టి ఎక్కువ టోకెన్లున్నవాడికి 20 కుర్చీలూ దక్కుతాయి. బైనాన్స్, హువోబి తర్వాత ఓట్లు వెనక్కి తీసుకున్నాయి. మార్చి 20న అసమ్మతివాదులు గొలుసంతా నకలు చేసుకుని, స్టీమిట్ నిల్వను వదిలేసి, హైవ్‌గా బయటికొచ్చారు. టపాలు, వ్యాఖ్యలు, ఖాతా పేర్లు అన్నీ రెండుచోట్లా ఉన్నాయి. సంస్థ చేతిలోని మామూలు బ్లాగు వేదికలో ఇలా సామాను సర్దుకుని మొత్తం ఊరుతో కదిలే వీలు లేదు. నా దృష్టిలో బ్లాక్‌చెయిన్ బ్లాగుల అసలు గొప్ప ఇదే, టోకెన్ ధర కాదు. కొత్తగా కట్టిన పవర్ 30 రోజుల దాకా విట్నెస్ ఓటుకు పనికిరాకుండా హైవ్ ఆ తర్వాత నియమం పెట్టుకుంది.

రెండూ వాడదలచినవాళ్ళు ముందు సొంత డొమైన్‌లో ప్రచురించండి, సెర్చి దాన్ని పట్టుకున్నాక గొలుసులో పెట్టండి. వరస తప్పితే, ఒకే టపా రెండు మూడు కిటికీల్లో కనబడి అసలుదేదో తేలక మీ సైటే వెనకబడొచ్చు. బొమ్మల అసలు ఫైళ్ళు మీ డిస్కులో ఉంచుకోండి. గొలుసు ఖాతా పేరును మీ సైటు పరిచయ పేజీలో రాయండి, టపాలో అసలు లింకు ఇవ్వండి. లేకపోతే అక్కడ కాపీలు పట్టేవాళ్ళు మీ టపాను మీరే దొంగిలించారని వ్యతిరేక ఓట్లేస్తారు. పాత టపాలు తరలిస్తుంటే ప్రచురించేటప్పుడు ప్రతిఫలం వద్దనే ఎంపిక నొక్కండి. ఆ సదుపాయం హైవ్‌లో టపా టపాకీ విడిగా ఉంటుంది.