దెబ్బ తగిలినట్టు గుర్తుందా?

శ్రోతలకు నమస్కారం.

మీ చేతులు ఓసారి చూసుకోండి. ముంజేతి మీదో, మోచేతి పైనో కమిలిన మచ్చ ఏమైనా ఉందా? ఉంటే, అక్కడ దెబ్బ తగిలినట్టు గుర్తుందా? ఈ ప్రశ్న ఇవాళ మళ్ళీ మళ్ళీ అడుగుతాను. డాక్టరు గారు కూడా ముందు అడిగేది ఇదే.

నేను డాక్టర్ని కాను. రక్తపరీక్షల ల్యాబ్‌లో 26 ఏళ్ళుగా టెక్నీషియన్‌ని. పొద్దున ఆరున్నరకి పరగడుపున వచ్చేవాళ్ళ చేతికి రబ్బరు పట్టీ బిగించి, నరం వెతికి, రక్తం తీయడం నా పని. రోజంతా చేతులే చూస్తాను. అయినా మా ఇంట్లో, మా అత్తయ్య చేతుల మీద మచ్చలు నెలరోజుల దాకా నా కంటపడలేదు.

అత్తయ్యకి 68 ఏళ్ళు. రెండేళ్ళ కిందట గుండె రక్తనాళంలో స్టెంట్, అంటే దారి మూసుకుపోకుండా పట్టి ఉంచే సన్నటి జాలీ గొట్టం, వేశారు. అప్పట్నుంచీ రక్తం గడ్డకట్టకుండా రోజూ రెండు రకాల బిళ్ళలు వేసుకుంటుంది, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. ఎండాకాలంలో కూడా కొంగు భుజం చుట్టూ కప్పుకుని తిరుగుతుంటే, పెద్దావిడ కదా, అలవాటేమో అనుకున్నాను. ఒకరోజు మాగాయ జాడీ దించబోయి చెయ్యి పైకెత్తింది. కొంగు జారింది. మణికట్టు దగ్గర గాజులు ఒరుసుకున్న చోట నల్లటి వలయం. దాని పైన రూపాయి బిళ్ళంతవి నాలుగైదు మచ్చలు. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు తిరిగింది.

"ఏంటత్తయ్యా ఇవి? ఎక్కడ తగిలింది?" అన్నాను. "ఎక్కడా తగల్లేదమ్మా, వాటంతటవే వస్తున్నాయి. ఎవరన్నా చూస్తే కోడలు సరిగ్గా చూసుకోవడం లేదనుకుంటారని కప్పుకుంటున్నా" అంది. ఆ మాటకి నాకు నోట మాట రాలేదు. నా మీద మాట పడకూడదని నెలరోజులు దాచిపెట్టింది. మెల్లగా అడిగితే మిగతాదీ చెప్పింది. తొడ మీద అరచెయ్యంత మచ్చ ఉందట. పళ్ళు తోముకుంటే ఉమ్మి ఎర్రగా వస్తోందట.

ఆ సాయంత్రమే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగారు. "గుండె బిళ్ళలు, బీపీ బిళ్ళ" అంది. ఆయన అంతటితో వదల్లేదు. "చీటీ లేకుండా మీరే కొనుక్కునేవి ఏమైనా ఉన్నాయా?" అన్నారు. అత్తయ్య కాసేపు ఊరుకుని, బొడ్లో దోపుకున్న చిన్న సంచి తీసింది. అందులో సగం అయిపోయిన స్ట్రిప్ ఒకటి ఉంది. మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫినాక్. ఖాళీ స్ట్రిప్ చూపించి మెడికల్ షాపులో తెచ్చుకుంటోంది, పొద్దునొకటి, రాత్రొకటి. ఆవిడ దృష్టిలో అది మందు కాదు, నొప్పి బిళ్ళ. అందుకే మందుల లెక్కలోకి రాలేదు.

మరునాడు రక్తం నేనే తీశాను. ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉండాలి కాబట్టి, లెక్క బాగానే ఉంది. లెక్క సరిపోయినా అవి పని చేయాలి కదా. రక్తనాళం చిట్లిన చోట ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని ఆ చిల్లు పూడుస్తాయి. ఆ అతుక్కునే గుణాన్ని గుండె బిళ్ళలు రెండూ కావాలనే తగ్గిస్తాయి, స్టెంట్ మూసుకుపోకుండా. వాటికి నొప్పి బిళ్ళ కూడా తోడయింది. హిమోగ్లోబిన్ మాత్రం 9కి పడిపోయింది. నొప్పి బిళ్ళ కడుపులో పుండు చేసి, లోపల కూడా రక్తం పోనివ్వొచ్చు. విరేచనం తారులా నల్లగా అవుతోందా అని డాక్టరు గారు అందుకే గుచ్చి గుచ్చి అడిగారు.

నొప్పి బిళ్ళ ఆపించారు, కడుపుకి మందు రాశారు. గుండె బిళ్ళలు మాత్రం ఆపలేదు. ఈ మాట నెమ్మదిగా వినండి. గుండె బిళ్ళలు ఆపలేదు. మచ్చలు వస్తున్నాయని భయపడి వాటిని మీ అంతట మీరు మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి.

అయితే ప్రతి మచ్చకీ ఆసుపత్రికి పరిగెత్తక్కర్లేదు. మంచం కోడు తగిలి మోకాలి కింద కమిలితే, నీలం నుంచి ఆకుపచ్చ, పసుపు తిరిగి రెండు వారాల్లో పోతుంది. ఒళ్ళు తన పని తాను చేసుకుంటోందన్నమాట. మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి, రుద్దకండి. వయసు పైబడ్డవాళ్ళకి చర్మం పలచబడి ముంజేతుల మీద మచ్చలు రావడం మామూలే. ఆడుకునే పిల్లల మోకాలి కింద మచ్చ లేకపోతేనే వింత.

మరి ఎప్పుడు వెళ్ళాలి? దెబ్బ తగిలినట్టు గుర్తే లేదు, మచ్చలు మాత్రం వస్తూనే ఉన్నాయి, అప్పుడు. వీపు మీద, పొట్ట మీద, ముఖం మీద వస్తే. చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం కారితే, నెలసరి మునుపెన్నడూ లేనంత ఎక్కువైతే, కొత్త మందు మొదలుపెట్టాక ఇవి కనపడితే. జ్వరంతో పాటు ఆవగింజ కన్నా చిన్న ఎర్రటి చుక్కలు వచ్చి, గాజు గ్లాసుతో అదిమినా మాయం కాకపోతే ఆలస్యం చేయకుండా వెంటనే వెళ్ళండి. నడక రాని పసిబిడ్డ ఒంటి మీద మచ్చ కనపడినా అంతే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు తలకి దెబ్బ తగిలితే, బయటికి ఏమీ కనపడకపోయినా వెంటనే వెళ్ళాలి. మన చామనచాయ ఒంటి మీద మచ్చ మొదట్లో అంతగా తెలియదు, వెలుతురులో చూసుకోండి.

ఇంకొక సంగతి. దెబ్బ గుర్తుందా అంటే, గుర్తున్నా చెప్పలేక తల దించుకునే ఆడవాళ్ళు కూడా నా ముందు కూర్చుంటారు. అమ్మా, మీరు వింటుంటే, 181 నంబరు గుర్తుపెట్టుకోండి. మహిళా హెల్ప్‌లైన్. రాత్రయినా పలుకుతారు.

సమయం దగ్గర పడింది. ఒక్క పని చేయండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడే ప్రతిదీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. గుండె బిళ్ళ, నొప్పి బిళ్ళ, ఎవరో ఇచ్చిన పొట్లం, ఆయుర్వేదం చూర్ణం, చేప నూనె గుళికలు, అన్నీ. మోకాళ్ళ నొప్పులకని పేరు లేని పొట్లాలిస్తారే, వాటిలో స్టెరాయిడ్ కలిపినవి కూడా ఉంటాయి, చర్మాన్ని పలచబరుస్తాయి. పేరు చెప్పలేకపోయినా పొట్లం చూపించండి.

మా అత్తయ్యకి పాత చీర చెంగుతో సంచి కుట్టిచ్చాను. తలుపు వెనక మేకుకి వేలాడుతుంటుంది. మొన్న డాక్టరు గారి బల్ల మీద దాన్ని బోర్లించింది. బిళ్ళలతో పాటు వాము పొట్లం, తలనొప్పి బామ్ డబ్బా కూడా దొర్లాయి. ఆయన ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశారు. ఇంకా చిన్న మచ్చలు రెండు ఉన్నాయి చేతి మీద. కొంగు మాత్రం కప్పుకోవడం లేదు.

నమస్కారం.